మన ఇంటి టులెట్ బోర్డు

ఇల్లు దొరకని బాధ గురించి మనం చాలా రాసుకున్నాం. కథల్లో రాసుకున్నాం, కవితల్లో రాసుకున్నాం, పత్రికల ఉత్తరాల పేజీల్లో రాసుకున్నాం. టులెట్ బోర్డు చూసి తలుపు తట్టడం, గదులు నచ్చడం, అద్దె కుదరడం, చివర్లో "ఇంతకీ మీ పేరు?" అని అడగడం, పేరు చెప్పగానే "అయ్యో, నిన్ననే మా చుట్టాలకు మాటిచ్చేశామండీ" అనడం - ఈ వరస మన పిల్లలకు కూడా కంఠతా వచ్చేసింది. ఆ రాతలన్నీ అవసరమైనవే. ఇంకా రాయాల్సినవి ఉన్నాయి కూడా. అయితే వాటన్నిటిలోనూ మనం గుమ్మానికి బయట నిలబడి ఉన్నాం. గుమ్మానికి లోపల, తాళంచెవి చేతిలో పట్టుకుని నిలబడ్డ మన గురించి పెద్దగా రాసుకోలేదు.

లోపల ఉన్న మనం కోటీశ్వరులం కాము. జెద్దాలోనో దుబాయిలోనో పదిహేను ఇరవయ్యేళ్లు ఒంటరిగా గడిపి, దాచిన డబ్బుతో కింద తన కుటుంబానికి ఇల్లు కట్టుకుని పైన రెండు పోర్షన్లు వేసినవాడు ఉన్నాడు. భర్త పోయాక వీధి వైపు గదులు కిరాయికిచ్చి, ఆ డబ్బుతో పిల్లల ఫీజులు కట్టుకొస్తున్న తల్లి ఉంది. రిటైరైన ఉర్దూ మీడియం టీచరు ఉన్నాడు. టోలీచౌకీలో, యాకుత్‌పురాలో, కర్నూలు పాతబస్తీలో, పాత గుంటూరులో ఇలాంటివాళ్లు గల్లీకి నలుగురైదుగురు కనిపిస్తారు. ఒక పోర్షన్ ఖాళీ అయితే ఆ నెల ఇంట్లో మాంసం తగ్గించుకునే యజమానులు వీళ్లు. వీళ్లను జమీందార్లతో కలిపి తిట్టడం అన్యాయం. అలాగని వీళ్లను ఏ ప్రశ్నా అడక్కుండా వదిలేయడం కూడా సరికాదు.

మేం అడగదలచుకున్న ప్రశ్న ఇదీ: మనకు ఇల్లివ్వడానికి వెనకాడే ఊళ్లో, మనమే ఇల్లిచ్చేవాళ్లమైనప్పుడు ఎంత తీసుకోవాలి? ఎవరికివ్వాలి? వాళ్లను ఎలా ఉండనివ్వాలి?

ముందు మాటల సంగతి చూద్దాం. రెండు భాషల మధ్య బతికేవాళ్లకు మాటలే మొదటి సాక్షులు. కోస్తాలో అద్దె అంటారు, సీమలోనూ నెల్లూరులోనూ బాడుగ అంటారు, తెలంగాణలో కిరాయి అంటారు. కిరాయి అరబ్బీ నుంచి ఉర్దూలోకి, ఉర్దూలోంచి తెలంగాణ తెలుగులోకి వచ్చి, ఇప్పుడు ఎవరూ పరాయిది అనుకోని మాట. నివాసానికి మస్కన్ అనే మాట ఉంది. అది సీన్, కాఫ్, నూన్ అనే మూడక్షరాల ధాతువులోంచి పుట్టింది. సుకూన్ - అంటే నెమ్మది, నిశ్చింత - దాంట్లోంచే పుట్టింది. మిస్కీన్ - అంటే ఏమీ లేని నిరుపేద - అదీ దాంట్లోంచే. పేదరికం కదలనివ్వకుండా కూచోబెట్టినవాడు మిస్కీన్ అని పాత నిఘంటుకారులు వివరించారు. ఇల్లూ, నిశ్చింతా, నిరుపేదా ఒకే వేరుకు మూడు కొమ్మలు. ఇంకో మాట పారశీకం నుంచి వచ్చింది: హమ్‌సాయా. పొరుగువాడు అని అర్థం చెప్పుకుంటాం. సాయా అంటే నీడ. ఒకే నీడలో ఉండేవాడు హమ్‌సాయా. కింద మనం, పైన కిరాయెదార్ - అతనికంటే దగ్గరి హమ్‌సాయా మనకెవరున్నారు? పొరుగువాడి హక్కు గురించి మన మసీదుల్లో జుమ్మా ప్రసంగాలు ఎన్నో వింటాం. కిరాయెదార్ కూడా ఆ లెక్కలోకి వస్తాడని చెప్పగా విన్నది తక్కువ.

ఇప్పుడు అసలు చిక్కులోకి వద్దాం. చదువుకున్న మన కుర్రవాళ్లు అడిగే ప్రశ్న ఒకటుంది. బ్యాంకులో పది లక్షలు వేసి నెలనెలా వడ్డీ తింటే హరామ్. అదే పది లక్షలతో రెండు గదులు వేసి నెలనెలా కిరాయి తింటే హలాల్. రెండిట్లోనూ డబ్బున్నవాడు కూచుని తింటున్నాడు కదా, తేడా ఏమిటి? "దీన్‌లో అలా ఉంది" అని నోరు మూయించడం సులువు. కానీ ప్రశ్న న్యాయమైనది, దానికి జవాబు కూడా ఉంది.

ఫిఖ్హ్‌లో కిరాయి ఒప్పందాన్ని ఇజారా అంటారు. అది కూడా ఒక అమ్మకమే. అమ్ముతున్నది ఇంటిని కాదు, ఇంట్లో ఉండే సౌకర్యాన్ని - మన్‌ఫఅత్‌ని. ఆ సౌకర్యం ఏమిటో, ఎన్నాళ్లో, ఎంతకో ముందే తెలిసి ఉండాలి. ఇల్లు మాత్రం యజమాని పూచీలోనే ఉంటుంది. గోడ కూలితే నష్టం అతనిది. కప్పు కారితే బాగు చేయించాల్సింది అతను. ఇల్లు ఉండటానికి పనికిరాకుండా పోతే కిరాయి ఆగిపోతుంది. వడ్డీకిచ్చినవాడికి ఇలాంటి పూచీ లేదు. తీసుకున్నవాడి దుకాణం తగలబడినా, వాడి బిడ్డ ఆసుపత్రిలో ఉన్నా అతని లెక్క నడుస్తూనే ఉంటుంది. కిరాయి హలాల్ కావడానికి కారణం ఆ పూచీ. యజమాని ఒక బరువు మోస్తున్నాడు, ఆ మోతకు కూలీ తీసుకుంటున్నాడు.

దీని నుంచి తేలేది సూటి మాట. బరువు మోయనివాడి కిరాయి పేరుకే కిరాయి. వానాకాలంలో పైకప్పు కారుతుంటే "మీరే చేయించుకోండి, ఇష్టం లేకపోతే ఖాళీ చేయండి" అనే యజమాని, మోటారు కాలిపోతే ఆ ఖర్చును పోర్షన్లకు పంచే యజమాని, బరువంతా కిరాయెదార్ నెత్తిన పెట్టి ఒకటో తారీఖుకు చెయ్యి చాపే యజమాని వడ్డీ వ్యాపారికి చాలా దగ్గర్లో నిలబడి ఉన్నాడు. అతను ఐదు పూటలా నమాజు చేసేవాడే కావచ్చు. బ్యాంకు వడ్డీ ముట్టనివాడే కావచ్చు.

కిరాయి ఎంత పెట్టాలి అనేదానికి చిన్న యజమాని దగ్గర మామూలుగా ఉండే కొలతలు మూడు. ఇంటి పన్ను, సున్నాలు, రిపేర్లు పోను తనకెంత మిగలాలి అనేది ఒకటి. పక్కింట్లో ఎంత నడుస్తోంది అనేది రెండు. వచ్చినవాడు ఎంత ఇచ్చుకోగలడు అనేది మూడు. వీటిలో మొదటిది నిజాయితీగా వేసుకునేవాళ్లు తక్కువ. ఎక్కువమంది రెండోదానితోనే సరిపెడతారు. గల్లీ చివర ఎవరో వెయ్యి పెంచారంటే వారం తిరిగేసరికి ఆ వెయ్యి గల్లీ అంతా పాకుతుంది.

ఇక్కడ ఒక చిన్న లెక్క చూడండి. తొమ్మిది వేలు కిరాయి వచ్చే పోర్షన్ ఉందనుకుందాం. ఉన్నవాళ్లు మంచివాళ్లు, తారీఖు తప్పరు. వాళ్లమీద ఏడు వందలు పెంచితే ఏడాదికి 8,400 అదనం. వాళ్లు ఇచ్చుకోలేక వెళ్లిపోయి, పోర్షన్ ఒక్క నెల ఖాళీగా ఉంటే 9,000 పోయింది. మీద సున్నం ఖర్చు, బ్రోకరు కమీషను. కొత్తగా వచ్చినవాడు మూడు నెలలు కిరాయి ఎగవేస్తే చెప్పనే అక్కర్లేదు. అంటే మంచి కిరాయెదార్‌ను నిలుపుకోవడం దయాగుణం కూడా కాదు, ఇంగితం. పెంచేదేదో కొద్దిగా, ఏడాదికోసారి, మూడు నెలల ముందు చెప్పి పెంచడం, నల్లా కారుతుందంటే అదే వారం మనిషిని పంపడం, అడ్వాన్సును అమానత్ అనుకుని ఖాళీ చేసిన రోజే చేతిలో పెట్టడం - ఇవన్నీ చేసే యజమాని ఇల్లు ఖాళీగా ఉండదు. అతని ఇంటికి బోర్డు కూడా అక్కర్లేదు, వెళ్లిపోయేవాళ్లే ఇంకొకర్ని తీసుకొస్తారు.

ఇంతవరకు లెక్కా ధర్మమూ చెయ్యి చెయ్యి పట్టుకుని నడుస్తాయి. ఇక్కడ విడిపోతాయి. ఎందుకంటే ఈ లెక్క మొత్తం ఒక ఊహ మీద నిలబడి ఉంది: కిరాయెదార్ వెళ్లిపోగలడు అనే ఊహ. వెళ్లిపోతాడనే భయమే యజమానిని అదుపులో ఉంచుతుంది. వెళ్లడానికి ఇంకో చోటు లేనివాడు కిరాయికి వచ్చినప్పుడు ఆ భయం ఉండదు. మన బస్తీల్లో మన ఇళ్లకు వచ్చేవాళ్లలో చాలామంది అలాంటివాళ్లే.

ఇది ఎలా జరిగిందో కొంచెం చెప్పుకోవాలి. హైదరాబాద్‌లో 1978లో, 1983-84లో, 1990 డిసెంబరులో జరిగిన అల్లర్లు మనుషులను చంపడంతో ఆగలేదు. గల్లీల్ని విడదీశాయి. కలిసి ఉన్న చోట్ల నుంచి హిందువులు అటు, ముస్లింలు ఇటు జరుగుతూ వచ్చారు. ముస్లింలకు తమకు నచ్చిన ప్రాంతంలో ఇల్లు కొనడం, అద్దెకు దొరకడం కష్టంగా ఉందని 2006లో సచార్ కమిటీ నివేదిక కూడా రాసింది. సుఖదేవ్ థోరాట్, మరికొందరు పరిశోధకులు ఢిల్లీ పరిసరాల్లో అద్దె ఇళ్ల గురించి చేసిన అధ్యయనం 2015లో అచ్చయింది. ఇల్లడిగిన దళితులకు కాదన్నవాళ్లున్నారనీ, ముస్లింలకు కాదన్నవాళ్లు అంతకంటే ఎక్కువనీ అది చూపించింది. ఒక మతస్తులకే సభ్యత్వం పరిమితం చేసుకున్న హౌసింగ్ సొసైటీ నియమాన్ని 2005లో సుప్రీంకోర్టు సమర్థించింది. ఆ కేసులోది పార్సీల సొసైటీ. ఆ తీర్పు నీడ మాత్రం పార్సీల దగ్గరే ఆగదు. ప్రైవేటు ఇంటి యజమాని మతం చూసి కాదంటే అడ్డుకోవడానికి రాజ్యాంగంలోని పదిహేనో అధికరణం సూటిగా పనికిరాదు, అది ప్రధానంగా రాజ్యాన్ని కట్టడి చేస్తుంది. ఆ మీద సౌదీలో 2017 జూలై నుంచి కుటుంబ సభ్యులకు తలసరి రుసుం పెట్టి ఏటేటా పెంచుకుంటూ పోయారు. చాలామంది భార్యాపిల్లల్ని ఊరికి పంపేశారు. వాళ్లూ ఇల్లు వెతుక్కోవాల్సింది ఈ నాలుగు బస్తీల్లోనే.

మరి ఈ నాలుగు బస్తీల్లో కిరాయి ఎలా ఉంటుంది? మురిక్కాలువ పొంగే గల్లీ, రోజు విడిచి రోజు నీళ్లు, అంబులెన్సు తిరగని మలుపు. అయినా రోడ్డుకు అవతల, అన్నీ సరిగా ఉన్న కాలనీలో అలాంటి రెండు గదులకే ఎంత ఉందో ఇక్కడా అంతే అడగగలుగుతాం. ఒక్కోచోట ఎక్కువే అడగగలుగుతాం. అవతల అతనికి తలుపు తెరుచుకోదని మనకు తెలుసు. మనకు తెలుసని అతనికీ తెలుసు.

ఈ అదనాన్ని ఏమనాలి? మనం ఇంటికి ఏమీ కలపలేదు. గది పెంచలేదు, సంపు తవ్వలేదు. అతన్ని పది గుమ్మాల దగ్గర కాదన్నారు కాబట్టి మన గుమ్మం ధర పెరిగింది. అంటే మనమీద జరిగే వివక్ష మనకే ఆదాయమార్గం అయింది. పది గుమ్మాల అవమానం మీద పదకొండో గుమ్మంలో కమీషను పుచ్చుకుంటున్నట్టయింది. వివక్షను తిట్టే నోరూ, దాని వల్ల వచ్చే వెయ్యి రూపాయలు లెక్కపెట్టే చెయ్యీ ఒకే మనిషివైతే ఆ తిట్టుకు బలం ఎక్కణ్నుంచి వస్తుంది?

"గిరాకీ ఉంటే ధర పెరుగుతుంది, ఇందులో పాపమేముంది?" అని అడిగేవాళ్లు ఉంటారు. వాళ్లు కర్ఫ్యూ రోజులు గుర్తు చేసుకోవాలి. పాల బండి రాని గల్లీలో, ఇంట్లో చంటిపిల్ల ఏడుస్తుంటే, పాలు రెట్టింపు ధరకు అమ్మినవాడు చెప్పేదీ గిరాకీ సూత్రమే. వాణ్ని ఏమని పిలవాలో ఏ అర్థశాస్త్రం చదవకుండానే మన అమ్మలకు తెలుసు. కర్ఫ్యూ వారం రోజులకు ఎత్తేస్తారు. ఇల్లు దొరకనివ్వని కర్ఫ్యూ ఎత్తేసే తారీఖు ఎవరూ ప్రకటించలేదు.

మన ఫిఖ్హ్‌కు ఈ సంగతి కొత్తది కాదు. ముజ్తర్ అంటే గత్యంతరం లేనివాడు. అతని నిస్సహాయతను కనిపెట్టి ధర పెంచే బేరాన్ని పెద్దలు తప్పుపట్టారు. ఇంతకంటే ఆలోచింపజేసేది ఇంకొకటుంది. మన తెలుగునాట ముస్లింలలో ఎక్కువమంది హనఫీలం. హనఫీ న్యాయంలో, ఇల్లు కిరాయికి తీసుకున్నవాడు దాన్ని మరొకరికి ఎక్కువ కిరాయికి ఇస్తే, తాను ఆ ఇంటికి ఏమైనా బాగుచేసి కలిపి ఉంటే ఆ అదనం అతనిది. ఏమీ కలపకపోతే ఆ అదనాన్ని సదఖా చేసేయాలి, ఉంచుకోకూడదు. ఈ సూత్రం కిరాయెదార్‌కు చెప్పిందే గాని యజమానికి చెప్పింది కాదు. యజమానికి దాన్ని వర్తింపజేయడం మా వాదన, ఏ ముఫ్తీ మాటగానూ చెప్పడం లేదు. కానీ దాని లోపల ఉన్న న్యాయబుద్ధి ఎవరికైనా అర్థమవుతుంది: ఏమీ కలపకుండా, ఏ బరువూ మోయకుండా, ఎదుటివాడి అవసరం వల్ల మాత్రమే చేతికొచ్చిన అదనం శుభ్రమైన డబ్బు కాదు.

దాన్ని కొలవడం ఎలా? పెద్ద విద్య అక్కర్లేదు. ఆ కాలనీ ఇంటికీ మన ఇంటికీ ఉన్న తేడాలు కాగితం మీద వేసుకుంటే చాలు. రోడ్డు, నీళ్లు, వెలుతురు, బస్సు - ఇవన్నీ మనవైపు తక్కువగా ఉండి కిరాయి మాత్రం సమానంగా ఉంటే, ఆ తేడా ఎవరి జేబులోంచి ఎందుకు వస్తోందో తెలుస్తుంది.

ఇక్కడ ఇంకో వైపు కూడా చెప్పకపోతే మా మాట ఒంటికాలి మీద నిలబడుతుంది. తక్కువ కిరాయి అనేది దానంతటదే పుణ్యం కాదు. ఉమ్మడి రాష్ట్రంలో 1960లో అద్దె నియంత్రణ చట్టం వచ్చింది. అంతకుముందు తెలంగాణలో 1954 హైదరాబాదు చట్టం, ఆంధ్రలో 1949 మద్రాసు చట్టం నడిచేవి. 1960 చట్టం సరసమైన అద్దెను తేల్చడానికి 1944 ఏప్రిల్ 5కు ముందటి పన్నెండు నెలల్లో నడిచిన అద్దెలను ఆధారంగా పెట్టుకుంది. ఉద్దేశం మంచిదే. కానీ కాలం ముందుకు నడిచి కొలత వెనక ఆగిపోతే ఏమవుతుందో పాత ఇళ్ల గోడలు చెబుతాయి. సున్నం ఖర్చుకు కూడా రాని అద్దె తీసుకునే యజమాని ఇల్లు కూలితే బాగుండుననే చూస్తాడు. పాత ధరల దగ్గర గడ్డకట్టిన అద్దెలు కాలక్రమంలో అన్యాయంగా మారాయని మహారాష్ట్ర చట్టం విషయంలో 1997లో సుప్రీంకోర్టు కూడా అన్నది.

మనకు ఇంకా దగ్గరి ఉదాహరణ వక్ఫ్ మల్గీలు. బజారు మధ్యలో మల్గీ, కిరాయి మాత్రం తాతల నాటిది. సచార్ కమిటీ లెక్క ప్రకారం దేశం మొత్తం మీద వక్ఫ్ ఆస్తుల మీద ఏడాదికి వచ్చే ఆదాయం 163 కోట్ల రూపాయలు. ఆస్తుల పుస్తక విలువలో అది 2.7 శాతం. మార్కెట్ విలువ మీద పది శాతం రాబట్టగలిగితే 12,000 కోట్లు వస్తాయని కమిటీ అంచనా వేసింది. ఆ తేడా యతీముల చదువు, బేవాల పింఛను. దాన్ని తింటున్నది ఏ నిరుపేద కిరాయెదారో అయితే కొంత ఊరట. చాలాచోట్ల తింటున్నది పగిడీ పుచ్చుకుని చేతులు మార్చిన షావుకార్లు. కాబట్టి న్యాయమైన కిరాయి అంటే అతి తక్కువ కిరాయి అని అర్థం కాదు. యజమాని మోసే బరువుకు సరిపడేది, ఇల్లు నిలబడటానికి చాలేది, కిరాయెదార్ నిస్సహాయతను లెక్కలోకి తీసుకోనిది. ముందటి రెండూ ఉండాలి, మూడోది ఉండకూడదు.

తక్కువ కిరాయితో ఇంకో చిక్కు ఉంది. కిరాయి తక్కువ తీసుకుని లొంగుబాటు ఎక్కువ వసూలు చేసే యజమానులున్నారు. "మీకోసం ఐదు వందలు తగ్గించాం కదా" అని మొదలవుతుంది. ఆ తర్వాత గేటు పదింటికి మూస్తారు. చుట్టాలు రెండు రోజులకు మించి ఉండకూడదు. మేకు కొట్టకూడదు. టీవీ సౌండు పెంచకూడదు. ఆడపిల్ల సాయంత్రం ట్యూషనుకు వెళితే మెట్ల మీద ఆపి అడుగుతారు. బజారు నుంచి ఏదైనా తెమ్మంటే కాదనకూడదు. అతను కొన్నది మన్‌ఫఅత్. తలుపు వేసుకుని నిశ్చింతగా ఉండగలగడం కూడా ఆ మన్‌ఫఅత్‌లో భాగమే. సుకూన్ లేని మస్కన్ ఇచ్చి పూర్తి కిరాయి తీసుకున్నా, సగం తీసుకున్నా సరుకులో మోసమే. ఎహ్‌సాన్ పేరుతో హక్కును తినేయడం ఇది.

ఈ షరతుల జాబితా చదువుతుంటే ఎక్కడో విన్నట్టు లేదూ? మన గుర్తింపు గురించిన అసలు సంగతి ఇక్కడే ఉందని మాకనిపిస్తుంది. ఈ దేశంలో ముస్లింను చాలామంది కిరాయెదార్‌గానే చూస్తారు. నోటితో అనకపోయినా చూపులో అదే ఉంటుంది. మంచి కిరాయెదార్‌కు ఏ లక్షణాలు చెబుతారో మంచి ముస్లింకూ అవే చెబుతారు. గొంతు పెంచడు, ఫిర్యాదు చేయడు, చుట్టాలు ఎక్కువ రారు, వంట వాసన బయటికి రాదు, అడిగినప్పుడు కాగితాలు చూపిస్తాడు, ఖాళీ చేయమంటే గొడవ చేయడు. "మీరు అందరిలా కాదండీ" అనే మెప్పుకోలు అద్దె ఇంట్లోనూ, ఆఫీసులోనూ, రాజకీయాల్లోనూ మనం వింటూనే ఉన్నాం. ఆ మెప్పు ఎంత అవమానకరమో మనకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. షరతుల మీద ఉండనివ్వడం ఎలా ఉంటుందో తెలిసినవాళ్లం, మన ఇంటి మేడమీద ఉన్నవాణ్ని షరతుల మీద ఉండనిస్తే, మనకు బాధ కలిగించింది అన్యాయమా లేక దాన్ని చేసే అధికారం మన చేతిలో లేకపోవడమా అని ఎవరైనా అడగొచ్చు.

ఎవరికివ్వాలి అనే ప్రశ్న ఇంకా కష్టమైనది. తెలుగు పేపరు టులెట్ ప్రకటనల్లో "శాకాహారులకు మాత్రమే" అని ఉంటే మనకు మండుతుంది. ఆ మాటలో దాక్కున్న కులమూ మతమూ మనకు వెంటనే కనిపిస్తాయి. మన గల్లీ గోడల మీద, ఉర్దూ ప్రకటనల్లో "దీన్‌దార్ ఫ్యామిలీకి మాత్రమే", "షరీఫ్ ఖాందాన్‌కు మాత్రమే" అని ఉంటే ఎందుకు మండదు? ఖాందాన్ అనే మాట దగ్గర కాస్త ఆగాలి. వచ్చినవాడు ముస్లిమే. అయినా "ఏ ఖాందాన్?" అని అడుగుతారు. దూదేకుల అంటే ముఖం మారుతుంది. ఫకీరు కుటుంబం అంటే, హజాం కుటుంబం అంటే "మా ఆవిడను అడిగి చెబుతాం" అంటారు. ఇంట్లో తెలుగే మాట్లాడితే, ఉర్దూ రాకపోతే, వాళ్ల ముస్లింతనం మీదే అనుమానం. దూదేకుల వాళ్లు బి.సి. జాబితాలో చాలాకాలంగా ఉన్నారు. 2007 చట్టం పద్నాలుగు ముస్లిం వర్గాల్ని బి.సి.-ఇలో చేర్చింది. రిజర్వేషను కాగితం మీద మనలోని ఈ మెట్లను చూపించి సర్టిఫికెట్ తీసుకుంటాం. కిరాయి అడగడానికి వచ్చినప్పుడు అవే మెట్లెక్కి కూచుని "మనలో కులాల్లేవు" అంటాం.

ఒంటరి ఆడది, తలాఖైన ఆడది ఇల్లడిగినప్పుడు మన బస్తీ ప్రవర్తించే తీరు వేరే చెప్పనక్కర్లేదు. ఆమె కిరాయి సరిగ్గా కడుతుందా అని ఎవరూ అడగరు. ఎవరు వస్తారు, ఎవరు పోతారు అని అడుగుతారు. వక్ఫ్ డబ్బు బేవాలకు అందలేదని సభలో కోప్పడే పెద్దమనిషి, తన ఇంటి పోర్షన్ బేవాకు ఇవ్వడానికి జంకుతాడు.

హిందువుకో, దళిత క్రైస్తవుడికో ఇవ్వాలా? భయం వల్ల ఇవ్వనివాళ్లుంటారు. రేపేదైనా జరిగితే వాళ్లకేమైనా అయితే ఆ నింద తమ మీదికొస్తుందనే భయం. మన బస్తీ చరిత్ర తెలిసినవాళ్లెవరూ దాన్ని తేలిగ్గా తీసిపారేయరు. కాని భయం ఒక కారణం, అసహ్యం ఇంకొకటి. "వాళ్లు గోడకు పటాలు పెడతారు, గంట కొడతారు, మనకెందుకు" అనడంలో భయం లేదు. "వాళ్లు మాంసం వండుతారు, మనకెందుకు" అనేదానికి ఇది అద్దంలోని బొమ్మ. మన మేడమీద అగరొత్తుల వాసన మనం భరించలేకపోతే, వాళ్ల మేడమీద మన కబాబు వాసన వాళ్లు ఎందుకు భరించాలో చెప్పలేం. ఇద్దరం సమానమైన తప్పు చేస్తున్నామని అనడం లేదు. ఊరంతా ఇళ్లు చేతిలో ఉన్నవాడు కాదనడం, నాలుగు గల్లీల్లోకి నెట్టబడ్డవాడు కాదనడం ఒకటి కావు. మొదటిది వందలమందిని ఊరవతలికి తోస్తుంది, రెండోది తోయలేదు. కానీ హక్కు అడిగేవాడి మాటకు ఉండే బలం వేరే చోటు నుంచి వస్తుంది. అతను తన గుమ్మం దగ్గర ఎలా ఉన్నాడన్నదాన్నుంచే వస్తుంది.

"ఒక్కణ్ని నేను తగ్గిస్తే బజారు మారుతుందా?" అని అడిగే చిన్న యజమాని ఉన్నాడు. అతనికి మేం ఉపన్యాసం చెప్పం. బజారు మారదు. అతను వదిలేసిన వెయ్యి రూపాయల వల్ల బంజారాహిల్స్‌లో మనకు తలుపులు తెరుచుకోవు. అయితే మన గల్లీలో కిరాయిలను ఏ కంపెనీ నిర్ణయించడం లేదు. చాయ్ హోటలు దగ్గర నలుగురు యజమానుల మాటల్లోనే అవి తేలుతున్నాయి. ఒకడు పెంచితే పాకినట్టే, ఒకడు ఆగితే ఆ ఆగడమూ మాటల్లోకి వస్తుంది. మసీదు కమిటీలు చందాల గురించి, మైకు గురించి గంటలు గంటలు చర్చిస్తాయి. ఏడాదికి ఎంతకు మించి పెంచకూడదు, ఎన్ని నెలల అడ్వాన్సుకు మించి అడగకూడదు, పిల్లల పరీక్షల ముందు, రంజాన్ నెలలో ఖాళీ చేయించకూడదు అని ఒక్క కాగితం మీద రాసుకుని గోడకు అంటిస్తే ఎవరు కాదంటారు? కేంద్రం 2021లో ఆమోదించిన నమూనా అద్దె చట్టం నివాసాలకు రెండు నెలల అద్దెకు మించి డిపాజిటు అడగొద్దంది. నమూనాను రాష్ట్రాలు చట్టం చేసుకునేదాకా మనం కూచోనక్కర్లేదు. మన మొహల్లా మాటకు కూడా ఒక విలువ ఉంది.

సెక్యులర్ మిత్రులకూ ఒక మాట. ఈ వ్యాసంలో మేం మనవాళ్లను అడిగిన ప్రశ్నలు చూసి "మీలోనూ ఉందన్నమాట" అని తేలిగ్గా ఊపిరి పీల్చుకోవద్దు. మన బస్తీలో కిరాయి మీద ఉన్న అదనం మీ కాలనీలో మూసిన తలుపు దగ్గర పుట్టింది. మేం దాన్ని తీసుకోకూడదని చెబుతున్నాం. మీరు దాన్ని పుట్టించకూడదు. మతసామరస్య సభలో పక్కన కూచోవడం మంచిదే. మీ మేడమీద పోర్షన్ ఖాళీ అయినప్పుడు, మీ భార్యా, మీ అమ్మగారూ, అపార్ట్‌మెంటు సెక్రటరీ ముగ్గురూ కాదన్నప్పుడు, మీరేమన్నారన్నది అంతకంటే మంచి సభ.

చిన్న యజమాని చేతిలో రాజ్యాధికారం లేదు, చట్టసభ లేదు, పోలీసు లేదు. అతని చేతిలో ఉన్నది ఒక తాళంచెవి. ఆ కాస్తలో ఎవరికి ఎలా న్యాయం చేస్తాడనేది అతని ఇష్టం మీదే ఆధారపడి ఉంటుంది. ఎవరూ చూడరు, ఎవరూ రాయరు. పోర్షన్ అడగడానికి వచ్చిన మనిషి పది గుమ్మాలు తిరిగి అలిసిపోయి ఉంటాడు. అతన్ని పేరు అడగడానికి ముందు కూచోమని మంచినీళ్లిచ్చి, కిరాయి ఎంతో, నీళ్లు ఎప్పుడొస్తాయో, కప్పు ఎక్కడ కారుతుందో ఉన్నదున్నట్టు చెప్పి, "ఇక మీ ఇష్టం" అనగలిగితే, మనం బయట అడుగుతున్నదేమిటో మనకు అర్థమైనట్టే.